బడి మానేసిన పట్టభద్రులు

జూన్ 2, సోమవారం

నాకు గది ఇచ్చారు. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఇదే మొదటిసారి. తలుపు మీద ఇత్తడి పలక కూడా బిగించారు: ‘డాక్టర్ అబ్రహాము, డీన్’. నాకు డాక్టరేటు లేదని డైరెక్టరు పవన్‌కుమార్ గారికి చెప్పాను.

“లేకపోతే ఏంటండీ, చూడ్డానికి ఉన్నట్టే ఉంటారు మీరు,” అన్నారాయన.

పలక మళ్లీ చేయించడం దండగ కదా అని ఊరుకున్నాను.

పోయిన ఏడాది దాకా ఈ భవనం ఫంక్షన్ హాలు. కంకిపాడు దాటగానే రోడ్డు మీదికే కనిపిస్తుంది. ఇప్పుడు ‘త్వరిత ఎర్లీ కాలేజ్’. భోజనాల హాలు తరగతి గది అయింది. గోడ వెంబడి చేతులు కడుక్కునే కుళాయిలు పన్నెండూ అలాగే ఉన్నాయి. నాకు వచ్చింది పెళ్లికూతురి గది. ఒక గోడంతా అద్దం, దాని చుట్టూ బల్బులు. నా కుర్చీ వెనక పెద్ద ఇనప బీరువా. స్విచ్చి వేసి అద్దంలో చూసుకున్నాను. డీన్‌లాగే ఉన్నాను.

పాత కాలేజీలో పదకొండు వందల మంది పిల్లలుండేవారు. పదకొండు వందల మందీ మార్కులు బాగా పడతాయని సంస్కృతమే తీసుకున్నారు. తెలుగు శాఖకు అధిపతినైన నేను చివరి రెండేళ్లూ హాస్టల్లో దుప్పట్లు లెక్కపెట్టాను. అక్కడి నుంచి ఇక్కడికి. ఇది ఎదుగుదల కాకపోతే మరేమిటి?

ఇంట్లో హెలెన్‌కు చెప్పాను. ఆమె ఉయ్యూరులో జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచరు.

“ఎర్లీ కాలేజీ అంటే ఏంటండీ? పిల్లల్ని తొందరగా ఇంటికి పంపించేస్తారా?”

ప్రభుత్వ ఉద్యోగులకు కొత్త ఆలోచనలు ఒక పట్టాన ఎక్కవు.

జూన్ 12, గురువారం

ముప్పై ఎనిమిది మంది చేరారు. అందరూ తొమ్మిది పాసై పదిలోకి రావలసినవాళ్లు. ఇక్కడ పది, ఇంటరు, డిగ్రీ మొదటి సంవత్సరం, మూడూ ఒకేసారి చదువుతారు. పద్దెనిమిదో ఏడు రాకముందే పట్టా చేతిలో ఉంటుంది. కరపత్రం నేనే రాశాను. ‘కాలం కంటే ముందు నడిచే కలలకు కాలేజీ’ అనే వాక్యం డైరెక్టరు గారికి ఎంత నచ్చిందంటే, అర్థం కూడా అడగలేదు.

ఆయన అంతకుముందు రొయ్యల చెరువులు చేసేవారు. తల్లిదండ్రుల సమావేశంలో కార్యక్రమాన్ని ఆయనే వివరించారు.

“రొయ్యని నూట ఇరవై రోజులు చెరువులో ఉంచామనుకోండి, వైరస్ వచ్చేస్తది. తొంభై రోజులకే పట్టేస్తే సేఫు. పిల్లలైనా అంతేనండీ. మంచి సీడు ఉన్నప్పుడు ఎక్కువ రోజులు నీళ్లలో ఉంచకూడదు.”

చాలామంది తల ఊపారు. డెల్టాలో ఈ సంగతి ఎవరికీ విడమరచి చెప్పక్కరలేదు.

టైంటేబులు వేశాను. పొద్దున ఇంటరు, మధ్యాహ్నం డిగ్రీ. పదో తరగతి పాఠాలు శనివారం నాలుగు నుంచి ఐదు వరకు. తెలుగు: వీలును బట్టి.

జూన్ 19, గురువారం

కీర్తన అనే అమ్మాయి గదికి వచ్చింది. ఉయ్యూరు. తల్లి సీతారావమ్మ గారు ఇంట్లో మిషను కుడతారు. రెండు జడలు, చేతిలో నోటుబుక్కు. అడిగేవన్నీ అందులో రాసుకుని వచ్చింది.

“సార్, మేం టెన్త్ పరీక్ష ఏ స్కూలు పేరు మీద రాస్తామండీ?”

“అవన్నీ ఆఫీసు చూసుకుంటుందమ్మా.”

“ఆఫీసులో అడిగానండీ. డీన్ గారిని అడగమన్నారు.”

“కనుక్కుని చెబుతాను.”

అమ్మాయి నోటుబుక్కులో ఆ ప్రశ్న పక్కన ‘కనుక్కుంటారు’ అని రాసుకుని, తేదీ వేసుకుంది. నాకు నచ్చలేదు. పిల్లల్లో వినయం తగ్గిపోతోంది.

జూన్ 20

డైరెక్టరు గారిని అడగాలి.

జూన్ 25

అడుగుదామని వెళ్లాను. ఆయన హోర్డింగు పని మీద విజయవాడ వెళ్లారు.

జూలై 3, గురువారం

అడిగాను. నిలబడే అడిగాను గాని, అడిగాను.

“టెన్త్ అనేది పాత మోడలండీ డీన్ గారూ. మీరు ఎం.ఏ. చేశారు కదా. ఎప్పుడన్నా ఎవరన్నా మిమ్మల్ని ఎల్కేజీ సర్టిఫికెట్టు అడిగారా?”

“లేదండీ.”

“మరి? డిగ్రీ ఉన్నోడిని టెన్త్ ఎవడడుగుతాడు?”

తర్కం కొత్తగా ఉంది. అయినా, పరీక్ష లేకపోతే ఇంటరుకు అర్హత ఎలా వస్తుందని మెల్లగా అన్నాను.

“మా బాబీకి స్కూలుంది లెండి. వాడి రిజిస్టర్లో మన పేర్లన్నీ కలిపేస్తాడు. మాట అయిపోయింది.”

“డిగ్రీకి యూనివర్సిటీ అనుమతి?”

“ప్రాసెస్‌లో ఉంది.”

మనసు తేలికపడింది. కీర్తనతో ‘ప్రాసెస్‌లో ఉంది’ అన్నాను. రాసుకుంది.

జూలై 22, మంగళవారం

ఈరోజు డిగ్రీ తరగతిలో వెనక కూర్చున్నాను. పాఠం: మేనేజ్‌మెంట్ సూత్రాలు. ఉద్యోగి తృప్తి చెందడానికి ఏమేం కావాలో బోర్డు మీద రాశారు. ముప్పై ఎనిమిది మందీ దించుకున్నారు. ఏంజెల్ అనే పిల్ల లేచి, “ఉద్యోగి అంటే పనివాడా సార్, యజమానా?” అని అడిగింది. లెక్చరరు నా వైపు చూశాడు. నేను కుళాయిల వైపు చూశాను.

విరామంలో ఏంజెల్ తండ్రి జాన్సన్ వచ్చాడు. కూతుర్ని ఇంట్లో ‘డిగ్రీ గారూ’ అని పిలుస్తున్నారట. చెబుతూ కళ్లు తుడుచుకున్నాడు. ఇలాంటివి చూసినప్పుడు చేసే పని మీద నమ్మకం పెరుగుతుంది.

ఆగస్టు 18, సోమవారం

బాబీ గారి స్కూలు మూతపడిందట. రెండేళ్లయిందట. డైరెక్టరు గారికి కూడా ఇప్పుడే తెలిసిందట.

ఆగస్టు 19

వేరే స్కూలు చూస్తున్నారు. ఇంకా మూడు నెలలుంది. కంగారు అనవసరం.

సెప్టెంబరు 4, గురువారం

సీతారావమ్మ గారు, ఇంకో నలుగురు తల్లులు గేటు దగ్గర నిలబడ్డారు. టెన్త్ సంగతి రాతపూర్వకంగా కావాలన్నారు. డైరెక్టరు గారు నన్ను పిలిపించారు.

“తెలుగులో మీ అంత బాగా రాసేవాళ్లు ఈ జిల్లాలో లేరండీ. ఒక లెటర్ కొట్టండి. వాళ్ల కడుపు చల్లగా ఉండాలి. మనం మాత్రం ఏదీ చెప్పినట్టు ఉండకూడదు.”

మూడు గంటలు కూర్చున్నాను. చివరికి వచ్చిన వాక్యం: ‘మీ చిరంజీవి పదవ తరగతి పబ్లిక్ పరీక్షల నమోదు కార్యక్రమం ఆశాజనకముగా సాగుతున్నదని తెలియజేయుటకు సంతోషించుచున్నాము.’ ఇందులో అబద్ధం ఎక్కడా లేదు. ఆశ ఎవరిదో చెప్పలేదు. ముప్పై ఎనిమిది ప్రతుల మీదా ఆకుపచ్చ సిరాతో సంతకం చేశాను.

మంచి వాక్యం రాసి చాలా ఏళ్లయింది.

సెప్టెంబరు 21, ఆదివారం

చర్చి నుంచి వచ్చాక హెలెన్ ట్యాబు ముందేసుకుని కూర్చుంది. ఆఫీసు నుంచి జాబితా వచ్చిందట: ఉయ్యూరులో బడి మానేసిన పిల్లలు. టీచర్లు ఇంటింటికీ తిరిగి, వాళ్లు ఎక్కడున్నారో కనిపెట్టి మళ్లీ బడిలో చేర్పించాలి. పొలం పనికి పోయారా, పెళ్లి చేశారా, వలస వెళ్లారా, కారణం కూడా రాయాలి.

ఆమె పేర్లు పైకి చదువుతోంది. నేను పేపరు చూస్తున్నాను.

“కీర్తన. తల్లి సీతారావమ్మ. తొమ్మిది పాసయ్యాక టీసీ తీసుకుంది, ఇంకెక్కడా చేరలేదు.” వేలు కిందికి జరిపింది. “ఏంజెల్. తండ్రి జాన్సన్. ఏమండీ, ఈ పేర్లు మీ నోటంట విన్నాను నేను.”

“ఒకే పేరున్నవాళ్లు చాలామంది ఉంటారు హెలెన్.”

“తొమ్మిది మందికీనా? తల్లిదండ్రుల పేర్లతో సహానా?”

పేపర్లో చెరకు ధర గురించి రాశారు. చదివాను.

“మీ కాలేజీ ఎక్కడన్నా వీళ్ల పేర్లు చేర్పించిందా లేదా? అది చెప్పండి చాలు.”

“ప్రాసెస్‌లో ఉంది.”

హెలెన్ ట్యాబు మూసేసింది. “ఎక్కడున్నారో తెలిసి తెలీదని నేను రాయలేనండీ. మీరే ఏదో ఒకటి చెయ్యండి.”

“ఒక్క వారం.”

సెప్టెంబరు 28

హెలెన్ ఏమీ అడగలేదు.

అక్టోబరు 5

హెలెన్ ఏమీ అడగలేదు. దసరా సెలవుల్లోనూ ఆ జాబితా పట్టుకుని తిరుగుతూనే ఉంది. తొమ్మిది ఇళ్లు వదిలేసి మిగతావన్నీ తిరిగింది.

అక్టోబరు 14, మంగళవారం

డైరెక్టరు గారు ఇంకో స్కూలు దొరికిందన్నారు. పేరు చెప్పలేదు. నేనూ అడగలేదు. పెద్దవాళ్లను ప్రతిదీ గుచ్చి గుచ్చి అడగడం మర్యాద కాదు.

బదులుగా ఆయన నాకో బాధ్యత అప్పగించారు. నవంబరు పధ్నాలుగున, బాలల దినోత్సవం నాడు ‘ప్రథమ పట్టభద్రోత్సవం’. పిల్లలకు నల్ల గౌన్లు, చతురస్రపు టోపీలు. పట్టా కాదు, పట్టాలో పాతిక శాతం. ఆ ముక్కకు మంచి పేరు పెట్టమన్నారు. ‘పాదపట్టా’ అన్నాను. ఆయనకు తెగ నచ్చింది.

అక్టోబరు 30, గురువారం

తుపాను వల్ల మూడు రోజులు సెలవు. పడిన వరి కళ్ల ముందే ఉంది, రోడ్డు వెంబడి. కాలేజీ తెరిచేసరికి కీర్తన నా గది గుమ్మంలో ఉంది. నోటుబుక్కు తడిసింది.

“సార్, పేర్లు పంపే గడువు వచ్చే నెలాఖరంట కదండీ. మా పక్కింటి అమ్మాయి గవర్నమెంటు స్కూలు. దాని పేరు వెళ్లిపోయిందంట.”

“మీదీ వెళుతుందమ్మా.”

“వెళుతుందా, వెళ్లిందా అండీ?”

తెలుగు మేష్టారిని కాలం గురించి నిలదీసింది. కోపం వచ్చింది. “నువ్వు డిగ్రీ చదువుతున్నావు. ఇంకా పదో తరగతి గురించే ఆలోచిస్తావా?” అన్నాను.

“నాకు డిగ్రీ పాఠాలు అర్థం కావట్లేదండీ. పదో తరగతివి ఎవరూ చెప్పట్లేదు. ఏది చదవాలో తెలీడం లేదు సార్.”

ఏడవలేదు. ఏడిస్తే ఓదార్చేవాణ్ణి. నిలబడి చూసింది, వెళ్లిపోయింది.

నవంబరు 3

నిద్ర సరిగా లేదు. బీపీ అనుకుంటా.

నవంబరు 9, ఆదివారం

“ఆ పిల్లల టీసీలు ఎక్కడున్నాయి?” అని అడిగింది హెలెన్. పాత స్కూలు ఇచ్చిన టీసీ చేతిలో ఉంటే ఇప్పటికీ ఏ ప్రభుత్వ బడిలోనైనా చేర్చుకోవచ్చట, నెలాఖరులోగా పేర్లు పంపవచ్చట. తన హెడ్మిస్ట్రెస్ సంపూర్ణమ్మ గారితో మాట్లాడిందట.

“డైరెక్టరు గారి దగ్గరుంటాయి,” అన్నాను.

నా కుర్చీ వెనక బీరువాలోనే ఉన్నాయి. తాళంచెవి నా జేబులోనే ఉంది.

నవంబరు 14, శుక్రవారం

అంతా వరసగా రాసుకోవాలి.

పదకొండింటికి మొదలైంది. ఇదివరకు వధూవరుల కుర్చీలు వేసిన వేదిక మీద డైరెక్టరు గారూ నేనూ కూర్చున్నాం. కింద పిల్లలు, వాళ్ల వెనక తల్లిదండ్రులు. గౌన్లు పెద్దవాళ్ల కొలతవి. ఏంజెల్ గౌను నేల మీద జీరాడుతోంది. టోపీలు జారి కళ్ల మీదికి వస్తుంటే ఒక చేత్తో పట్టుకుని కూర్చున్నారు.

డైరెక్టరు గారు రొయ్యల గురించి చెప్పారు. నేను విద్య గురించి చెప్పాను. జాన్సన్ మొదటి వరసలో నిలబడి మరీ చప్పట్లు కొట్టాడు.

‘పాదపట్టా’లు ఇవ్వడం మొదలుపెట్టాం. నాలుగో పేరు పిలిచేసరికి పక్క తలుపులోంచి హెలెన్ వచ్చింది. వెనక సంపూర్ణమ్మ గారు. హెలెన్ మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ట్యాబు. నా వైపు చూడలేదు.

“నమస్కారమండీ. బడి మానేసిన పిల్లల సర్వే. తొమ్మిది మంది ఇక్కడున్నారని తెలిసింది. పేర్లు చదువుతాను, ఉన్నవాళ్లు లేచి నిలబడండి నాన్నా.”

డైరెక్టరు గారు నవ్వారు. “మేడమ్, మీరు అడ్రసు మారి వచ్చారు. వీళ్లు గ్రాడ్యుయేట్లు.”

“కీర్తన,” అంది హెలెన్.

కీర్తన లేచింది. “ప్రెజెంట్ మేడమ్.”

“ఏంజెల్.”

“ప్రెజెంట్ మేడమ్.” టోపీ కింద పడింది. తీసి మళ్లీ పెట్టుకుంది.

తొమ్మిది మందీ లేచారు. దొరికిన పిల్లల ఫోటో తీసి ఎక్కించాలట, నిబంధన. హెలెన్ వాళ్లను వరసగా నిలబెట్టింది. నల్ల గౌన్లు వేసుకుని టోపీలు పెట్టుకున్న తొమ్మిది మంది పట్టభద్రులను, బడి మానేసిన పిల్లల పేరిట ప్రభుత్వం వారి ట్యాబులో ఫోటో తీసింది. కాలేజీ ఫోటోగ్రాఫరుకు ఏం అర్థమైందో, వాడూ పక్కన నిలబడి ఇంకోటి తీశాడు.

మిగతా తల్లిదండ్రులు లేచారు. “మా వాడి పేరుందా అమ్మా అందులో?” “మాది చల్లపల్లి మండలం, అక్కడి లిస్టులో ఉంటదా?” సంపూర్ణమ్మ గారు పెద్ద గొంతుతో చెప్పారు: “ఈ కాలేజీకి బడి గుర్తింపు లేదండీ. మీ పిల్లల పేర్లు ఏ బడిలోనూ లేవు. ఇలాగే వదిలేస్తే మార్చిలో ఒక్కరు కూడా టెన్త్ రాయలేరు.”

డైరెక్టరు గారు మైకు నా చేతిలో పెట్టారు. “చెప్పండి డీన్ గారూ. మీ మేడమే కదా. మీరు చెబితే వింటారు.”

మైకు పట్టుకున్నాను. నోట్లో వాక్యం సిద్ధంగానే ఉంది. ‘సాంకేతిక కారణాల వల్ల’ అని మొదలవుతుంది. హాయిగా సాగే వాక్యం.

సీతారావమ్మ గారు వేదిక మెట్ల దగ్గరికి వచ్చారు. మెడలో కొలతల టేపు అలాగే ఉంది, పని మధ్యలో లేచి వచ్చినట్టుంది. చేతిలో నా ఉత్తరం. నాలుగు మడతలు పడి, మడతల దగ్గర చిరిగింది.

“ఇది మీరేనండీ రాసింది?”

“నేనేనమ్మా.”

“నేను ఏడో తరగతి వరకే చదివానండీ. రోజూ ఒకసారి తీసి చదువుకుంటన్నాను. ‘ఆశాజనకముగా’ అని రాశారు. అంటే ఏంటండీ? అయినట్టా, కానట్టా?”

హాల్లో అంతమంది ఉన్నా, ఎక్కడో ఒక కుళాయి కారుతున్న చప్పుడు వినిపించింది.

“కానట్టమ్మా,” అన్నాను.

మైకులో అన్నాను కాబట్టి అందరూ విన్నారు. అన్నాక ఆపుకోలేకపోయాను. పేర్లు పంపలేదన్నాను. పంపడానికి స్కూలే లేదన్నాను. యూనివర్సిటీ అనుమతి ఉందో లేదో నేనెప్పుడూ కాగితం చూడలేదన్నాను. జూలై నుంచీ అనుమానం ఉందన్నాను. ఆ ఉత్తరం అలా రాయడానికి మూడు గంటలు పట్టిందని కూడా చెప్పాను. అది ఎందుకు చెప్పానో తెలియదు.

“మరి టీసీలు?” అని ఎవరో అరిచారు.

“నా గదిలో ఉన్నాయి.”

హెలెన్ అప్పుడు చూసింది నా వైపు. డైరెక్టరు గారు ముందుగా లేచి నా గది తలుపుకు అడ్డం నిలబడ్డారు. “డీన్ గారూ, ఇది కాలేజీ ప్రాపర్టీ,” అన్నారు. జాన్సన్ ఆయన్ను పక్కకు జరిపాడు. కొట్టలేదు. బియ్యం బస్తాను జరిపినట్టు రెండు చేతులతో పట్టుకుని జరిపాడంతే.

బీరువా తెరిచాను. ముప్పై ఎనిమిది టీసీలు, ఒక ప్లాస్టిక్ సంచిలో. ఒక్కొక్క పేరూ పిలిచి ఇచ్చాను. ఈ కాలేజీలో నేను హాజరు పిలవడం అదే మొదటిసారి.

ఎవరూ థాంక్సు చెప్పలేదు. ఒకాయన ఉమ్మేశాడు, నా మీద కాదు, నా బల్ల పక్కన. పిల్లలు గౌన్లు విప్పి కుర్చీల మీద మడతపెట్టి మరీ వెళ్లారు.

చివరికి డైరెక్టరు గారూ నేనూ మిగిలాం.

“మొత్తం చెరువుకి గండి కొట్టేశారు కదండీ,” అన్నారు. తర్వాత చాలా నెమ్మదిగా, “సంతకాలన్నీ మీవి. నాది ఎక్కడా ఒక్కటి లేదు, చూసుకోండి,” అన్నారు.

ఫైళ్లన్నీ తిరగేశాను. నిజమే. కరపత్రం, టైంటేబులు, ఉత్తరాలు, చివరికి తాగునీటి పరీక్ష కాగితం దాకా నా ఆకుపచ్చ సిరాయే. సంతకం చేసే అధికారం ఇచ్చారని జూన్‌లో ఎంత పొంగిపోయానో.

నవంబరు 15

‘త్వరిత ఫ్యామిలీ’ వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు. తీసేముందు ‘డీన్ గారు ఆరోగ్య కారణాలతో విశ్రాంతి కోరుకున్నారు’ అని పెట్టారు. ఆ వాక్యం నాదే. ఇంకో లెక్చరరు విషయంలో రాసిచ్చాను.

నవంబరు 16, ఆదివారం

చర్చిలో ఇద్దరు పలకరించలేదు. ఒకాయన మరీ ఎక్కువగా పలకరించాడు.

ఇంటికి వస్తూ హెలెన్ అంది: “సెప్టెంబర్లోనే వద్దామనుకున్నాను నేను. మీ మొహం చూసి ఆగాను. రెండు నెలలు నేనూ పాడుచేశాను వాళ్లవి.”

“నిన్నెవరూ అనరు.”

“అనరని కాదండీ.”

ఇంటికి చేరాం. అన్నం ఒకే పళ్లెంలో రెండుసార్లు వడ్డించింది, చూసుకోకుండా.

నవంబరు 20, గురువారం

కాలేజీ మీద విద్యాశాఖ విచారణ మొదలైంది. విచారణాధికారి రాతపూర్వక వాంగ్మూలం అడిగారు. మొదటి చిత్తులో ‘పరిస్థితుల ప్రాబల్యము వలన’ అని వచ్చింది. కొట్టేశాను. రెండోదానిలో ‘యాజమాన్యపు ఒత్తిడికి లోనై’ అని వచ్చింది. నిజానికి ఒత్తిడి ఎవరూ పెట్టలేదు. గది ఇచ్చారు, పలక పెట్టారు, అంతే. అదీ కొట్టేశాను. మూడోది చదివితే నాకే జాలి వేసేలా ఉంది. చించేశాను.

నాలుగోది: ‘పేర్లు నమోదు కాలేదని తెలిసి, అయినట్టు అనిపించేలా ఉత్తరం రాసినది నేనే. సంతకం నాది. అబ్రహాము.’ రెండు వాక్యాలూ ఒక పేరూ. హెలెన్ చదివింది. అచ్చుతప్పు ఏదైనా ఉందా అని అడిగాను. “లేదు” అంది.

నవంబరు 29, శనివారం

ముప్పై ఏడు పేర్లు వెళ్లాయి. ఎవరి ఊరి బడిలో వాళ్లవి. ఉయ్యూరు పిల్లల్లో ఎనిమిది మంది హెలెన్ వాళ్ల బడిలో చేరారు.

వెళ్లనిది ఏంజెల్ పేరు. జాన్సన్ ఇంటికి వెళ్లాను. తలుపు దగ్గరే నిలబెట్టి మాట్లాడాడు.

“మా అమ్మాయి డిగ్రీ దాకా వెళ్లిందండీ. మళ్లీ తీసుకెళ్లి టెన్త్‌లో కూర్చోబెట్టమంటారా? నలుగురికీ ఏం చెప్పుకోవాలి? విజయవాడలో ఇంకో కాలేజీ చూశాం. అక్కడ తొమ్మిది నుంచే ఎంబీఏ అంట.”

నా మాట వినమని ఎలా చెప్పను? ఇన్నాళ్లూ నా మాట విన్నాడు కనుకే ఇలా అయింది. అయినా చెప్పాను. ఆ కాలేజీకి గుర్తింపు ఉందో లేదో కాగితం చూపించమనండి, సంతకం ఎవరిదో చూడండి అన్నాను. ఆయన వెనక గదిలో ఏంజెల్ కూర్చుని కొత్త పుస్తకాలకు అట్టలు వేసుకుంటోంది. తల ఎత్తి చూసి, మళ్లీ దించుకుంది.

రేపు మళ్లీ వెళతాను.

నవంబరు 30, ఆదివారం

వెళ్లాను. తాళం వేసి ఉంది. సాయంత్రం దాకా మెట్ల మీద కూర్చున్నాను. గడువు అయిపోయింది.

డిసెంబరు 4, గురువారం

సంపూర్ణమ్మ గారు పిలిపించారు. కొత్తగా చేరిన ఎనిమిది మందికీ ఆరు నెలల పాఠాలు పోయాయి. ఉద్యోగి తృప్తి గురించి అడిగితే చెబుతారట. తెలుగు వాచకంలో మొదటి పాఠం ఏమిటో తెలియదట.

“మీరు తెలుగే కదండీ?”

“ఒకప్పుడు.”

“బడి వదిలాక రోజూ ఒక గంట వాళ్లకి చెప్పండి. విచారణ తేలేదాకా మీ పేరు ఎక్కడా రాయను. జీతం లేదు, కుర్చీ కూడా లేదు. సుద్దముక్క ఇస్తాను.”

తీసుకున్నాను.

డిసెంబరు 9, మంగళవారం

మొదటి క్లాసు. ఎనిమిది మంది, మూడు బెంచీలు. నేను లోపలికి వెళితే అలవాటు కొద్దీ లేచి నిలబడ్డారు. కూర్చోమన్నాక కూడా కీర్తన ఒక క్షణం నిలబడే ఉంది. నన్ను ఏమని పిలవాలో తేల్చుకోలేకపోయినట్టుంది. డీన్ గారు అనలేదు, సార్ అనలేదు. కూర్చుంది.

ఛందస్సు తీసుకున్నాను. అది నాకు కళ్లు మూసుకున్నా వస్తుంది. గురువు అంటే ఏమిటి, లఘువు అంటే ఏమిటి, గణాలు ఎలా విడదీయాలి. ఉదాహరణకు ఆటవెలది పాదం ఒకటి అప్పటికప్పుడు అల్లి బోర్డు మీద రాశాను:

చదువు ప్రాణమైన చక్కని పిల్లలు

రాసి, కాస్త వెనక్కి జరిగి చూసుకున్నాను. బాగానే కుదిరింది. అక్షరాల మీద గుర్తులు పెట్టడం మొదలుపెట్టాను. ‘చ’ మీద నిలువు గీత, ‘దు’ మీద నిలువు గీత. ‘వు’ తర్వాత ‘ప్రా’ ఉంది, సంయుక్తాక్షరం. దాని ముందు అక్షరం గురువు. ‘వు’ మీద U పెట్టాను.

వెనక కీర్తన చెయ్యెత్తింది. ఒడిలో వాచకం తెరిచి ఉంది. మూడు రోజుల కిందట చేతికొచ్చిన పుస్తకం, అప్పుడే సగం పేజీల్లో పెన్సిలు గీతలు.

“మేష్టారూ, ‘చదువు’ ఒక మాట, ‘ప్రాణము’ ఇంకో మాట కదండీ. తెలుగులో మాటకి మాట విడిగా ఉంటే, పక్క మాట బరువు ముందు అక్షరం మీద పడదని ఉందండీ ఇక్కడ.”

పిల్లలందరూ బోర్డు వైపు చూస్తున్నారు. నేనూ చూశాను. నా గుర్తు ప్రకారం పోతే మొదటి గణమే తప్పుతుంది. అది ఆటవెలదే కాకుండా పోతుంది. ఇరవై రెండేళ్లు చెప్పిన పాఠం.

“అయితే ఏమంటావు?” అన్నాను.

“అది గురువు కాదండీ,” అంది కీర్తన. “లఘువు.”

ఎవరూ నవ్వలేదు. సందేహం తీరుతుందా లేదా అని చూస్తున్నారు, అంతే.

“అవునమ్మా,” అన్నాను. అరచేత్తో U చెరిపేసి, ఆ చోట ఒక చిన్న నిలువు గీత గీశాను.